బోర్డు మూలన మా పేరు ఉండనివ్వండి - విశాఖ షాపు ఓనర్లకి ఒక బోర్డు ఆర్టిస్ట్ బహిరంగ లేఖ

జగదాంబ నుంచి గాజువాక దాకా, పూర్ణా మార్కెట్ నుంచి మధురవాడ దాకా షాపులు, హోటళ్ళు, మెడికల్ షాపులు, టిఫిన్ సెంటర్లు నడుపుతున్న ఓనర్లందరికీ నమస్కారం అండి.

మీ బోర్డులు రాసేవాళ్ళలో నేనొకణ్ణి. ఉండేది కంచరపాలెం. మీలో కొందరికి ముఖపరిచయం, చాలామందికి మాత్రం "ఆ పెయింటర్‌కి ఫోన్ కొట్టు" అంటే డబ్బాలు తగిలించుకుని వచ్చే మనిషిని, అంతే. చెప్పాలనుకున్నది చిన్న విషయం. బోర్డు కింద కుడివైపు మూలన మేం వేసుకునే పేరు, ఫోన్ నంబరు, దాన్ని చెరిపెయ్యమనకండి. ఈ ఒక్క ముక్క అడగడానికి నాకు ఇన్నేళ్ళు నోరు ఎందుకు రాలేదో అది కూడా చెప్తాను, లేకపోతే వీడికేదో ఫ్రీ యాడ్ కావాలంట అని పక్కన పెట్టేస్తారు.

ముందు మా పనేంటో చూడండి. రోజూ చూసే బోర్డే గానీ ఎలా తయారవుద్దో చాలామందికి తెలీదు. గ్రౌండ్ కలర్ రెండుసార్లు పూసి ఆరనివ్వాలి, వన్ టౌన్ వైపు అయితే తడి మీద నల్లపొడి పడిపోద్ది కాబట్టి లోపల గదిలో పెట్టి ఆరబెట్టాలి. ఆరాక సుద్దపొడి పట్టించిన దారం రెండు చివర్లా బిగించి లాగి కొడితే గీత పడుద్ది, పైనొకటి కిందొకటి. వాటి మధ్య చాక్‌పీస్‌తో అక్షరాలు లైట్‌గా వేసుకుని అప్పుడు బ్రష్ పట్టాలి. ఇంగ్లీష్ అక్షరాలు ఆ రెండు గీతల మధ్య బుద్ధిగా కూర్చుంటాయి. తెలుగు అలా కాదు. 'శ్రీ లక్ష్మీ' అని రాయాలంటే పైన గుడిదీర్ఘానికి చోటు కావాలి, కింద మ ఒత్తుకి చోటు కావాలి, మీరేమో ఇంగ్లీష్ పేరుకి కొలిపించి రేకు కొట్టించి తెచ్చి ఇస్తారు, ఆ ఒత్తు ఫ్రేము మీదకి దిగిపోకుండా, అలాగని అక్షరం చిక్కిపోకుండా సర్దడం ఉంది చూశారూ, అక్కడే తెలిసిపోద్ది ఎవడు ఎంత పనోడో. సున్న తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టి బ్రష్ ఎత్తకుండా తిప్పాలి, మధ్యలో ఆగితే అతుకు కనబడుద్ది, ఎనామిల్‌లో ఆ అతుకు ఇంక దాగదు. తర్వాత షేడు, అంటే అక్షరం పక్కన నీడలా వేసే రంగు, తర్వాత ఔట్‌లైను.

అంటే మీ పేరు రోడ్డు అవతల నుంచి కూడా వినబడేలా చెయ్యడం మా ఉద్యోగం. ఊరందరి పేర్లూ అడుగు ఎత్తు, రెండడుగుల ఎత్తు రాసిన చెయ్యి ఇది. అదే చెయ్యి తన పేరు వేలెడంత రాసుకోవాలంటే మాత్రం వణుకు. ఎవరూ చూడకుండా, నిచ్చెన దిగేముందు గబగబా రాసేసి కిందకి వచ్చేసేవాణ్ణి. ఓనరు అడిగితే ఏం చెప్పాలా అని ముందే ఒక నవ్వు రెడీగా పెట్టుకునేవాణ్ణి.

ఎందుకలా అంటే పెంపకం. నిండుకుండ తొణకదు అన్నారు ఇంట్లో. బళ్ళో అయితే కంచు మోగినట్టు కనకం మోగుతుందా అని బట్టీ పట్టించారు, అప్పుడు మనసులో ఏం పడిపోయిందంటే నోరెత్తి చెప్పుకున్నవాడు కంచుగాడు, నోరు మూసుకున్నవాడు కనకం. బానే ఉంది. కానీ కనకం మోగదు గానీ, కనకం అమ్మే షాపులు మోగినంత గట్టిగా ఈ ఊళ్ళో ఇంకేదీ మోగదు, కావాలంటే సిరిపురం వైపు వెళ్ళి హోర్డింగులు చూడండి, ఎఫ్‌ఎం పెట్టుకుని వినండి. ఇంకో తమాషా ఏంటంటే ఆ కుండ సామెత చెప్పిన మా నాన్నే, పని లేక ఖాళీగా కూర్చుంటే "అడగందే అమ్మైనా పెట్టదురా" అని తిట్టేవాడు. రెండూ ఒకే మనిషి ఒకే అరుగు మీద కూర్చుని చెప్పాడు. ఏది ఎప్పుడు వాడాలో మాత్రం చెప్పలేదు.

నాకు పని నేర్పిన గురువుగారిది ఇంకో మాట. "మనం మాట్లాడకూడదురా, బోర్డే మాట్లాడాలి." ఆయన రోజుల్లో అది నిజమే. ఏరియాకి ఒకరో ఇద్దరో ఆర్టిస్టులు, ఫలానా బోర్డు ఎవరి చెయ్యో చూడగానే చెప్పేసేవారు, ఒకాయన 'ర' తలకట్టు కాస్త పైకి లేపి వదిలేవాడు, ఇంకొకాయన షేడు ఎప్పుడూ ఎడమవైపే వేసేవాడు. దసరా ముందు ఓనర్లే ఇంటికొచ్చి అడ్వాన్సు ఇచ్చి వెళ్ళేవాళ్ళు. పని ఇంటికి నడిచొచ్చే రోజుల్లో మాట్లాడకుండా ఉండటం గొప్ప విషయమేం కాదు కదండీ, అవసరమే లేదు. ఆయన మీద గౌరవం తగ్గించి అనట్లేదు, ఇప్పటికీ కొత్త బ్రష్ కొంటే ఆయన ఫోటో ముందు పెట్టే తీస్తాను.

2000 దాటాక ఫ్లెక్స్ వచ్చింది. సాయంత్రం ఆర్డరిస్తే పొద్దున్నకి బోర్డు. నంబర్ ప్లేట్లు రేడియం షాపులకి పోయాయి, గోడరాతల మీద 1997 లోనే చట్టం వచ్చింది కాబట్టి ఎలక్షన్ సీజన్ పని కూడా అంతకంతకీ తగ్గింది. మాలో చాలామంది ఇళ్ళకి సున్నాలు వేసే పనికి వెళ్ళిపోయారు, కొందరు ఆటో కొనుక్కున్నారు. ఫ్లెక్స్ కొట్టేవాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళూ పొట్టకూటికే. కానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మర్నాడు రోడ్డు మీదకొచ్చిన వాళ్ళకి గుర్తుండే ఉంటది, ఫ్లెక్సులన్నీ పీలికలై కరెంటు వైర్లకి వేలాడుతున్నాయి, ఇనుప ఫ్రేములు వంగిపోయి ఉన్నాయి, గోడల మీద రాసిన పేర్లు మాత్రం అలాగే ఉన్నాయి. అప్పుడైనా ఎవరో ఒకరు లేచి "చూశారా మా పని" అనాలి కదా. ఒక్కరం అనలేదు. ఊరంతా కష్టంలో ఉంటే మన డప్పు ఏంటి అనుకున్నాం, అది సరైనదే అనుకోండి, కానీ కష్టం తీరాక కూడా అనలేదు.

2022 ఆగస్టులో కూడా అంతే. అప్పటి ముఖ్యమంత్రి మన విశాఖలోనే మీటింగ్‌లో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు బ్యాన్ చేస్తున్నాం, గుడ్డ బ్యానర్లు వాడండి అని ప్రకటించారు. మా వాళ్ళ ఫోన్లలో ఆ రోజు పండగ. పాత బ్రష్‌లు టర్పెంటైన్‌లో నానబెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. తీరా చూస్తే ఎక్కువమంది ఇంట్లో కూర్చున్నారు, బ్యాన్ వచ్చింది కాబట్టి పని దానంతటదే వస్తుందని. మాలో ఒకతను మాత్రం గుడ్డ మీద ఒక శాంపిల్ రాసుకుని, చంకలో పెట్టుకుని, డాబా గార్డెన్స్ నుంచి మొదలెట్టి షాపు షాపుకీ ఎక్కి దిగాడు. అతను మాకంటే గొప్పగా రాస్తాడా అంటే, ఇది నేనంటే బాగోదు గానీ, కాదు. కానీ అతనికి పని దొరికింది. అతని గురించి మేం టీ కొట్టు దగ్గర ఏమనుకున్నామో తెలుసా, "సేల్స్‌మేన్ అయిపోయాడు గురువా" అని. ఫ్లెక్సులు ఇప్పుడు ఎంత తగ్గాయో రోడ్డు మీద మీకే కనబడుద్ది.

ఇక మీ దగ్గరకొస్తాను. ద్వారకానగర్‌లో ఒక షాపు, పేరొద్దు. పెద్ద బోర్డు, ఆకుపచ్చ గ్రౌండ్ మీద క్రీమ్ అక్షరాలు, ఎర్ర షేడు. రేటు మాట్లాడేటప్పుడు ఆ ఓనరు గారు ఏమన్నారంటే "మెయిన్ రోడ్డు మీద బోర్డు బాబూ, రోజుకి ఎన్ని వేలమంది చూస్తారు, నీకే పబ్లిసిటీ, కాస్త తగ్గించు". సరేనని తగ్గించాను. రాశాను. అంతా బాగుందన్నారు. మూలన నా పేరు చూశారు. "మా బోర్డు మీద నీ యాడ్ ఏంటయ్యా, తీసెయ్" అన్నారు. అదే మనిషి అండి. పబ్లిసిటీ అని రేటు తగ్గించిందీ ఆయనే, ఆ పబ్లిసిటీ కింద నా పేరు వద్దన్నదీ ఆయనే. పేరు లేకుండా పబ్లిసిటీ ఎవరికండీ?

నేనేం మాట్లాడలేదు. గ్రౌండ్ కలర్‌తో కప్పేద్దామని చూస్తే కలిపిన రంగు అయిపోయింది, ఆకుపచ్చలో పసుపు, కొంచెం నలుపు చుక్కలు వేసి చేతితో కలిపిన రంగు అది, రెండోసారి కలిపితే అచ్చంగా అదే రాదు, ఎవరికీ రాదు. దగ్గరగా ఉన్నది కలిపి పూశాను. ఇప్పటికీ ఎండ పడినప్పుడు ఆ మూలన అగ్గిపెట్టెంత ముక్క వేరే రంగులో కనబడుద్ది. ఆ రోడ్డులో బస్సులో వెళ్తుంటే నా చూపు అక్షరాల మీదకి పోదు, తిన్నగా ఆ ముక్క మీదకే పోద్ది. ఆయనకి అది ఒక నిమిషం మాట, ఈపాటికి మర్చిపోయుంటారు కూడా.

అందరూ అలా ఉండరు, అది కూడా చెప్పాలి. ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల ఓనర్లు ఉన్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం కదా, ఆ టైములో బోట్లన్నీ రేవులోనే ఉంటాయి, రిపేర్లు, రంగులు అన్నీ అప్పుడే. మాకు అది పెద్ద సీజను. ఎండ మామూలుగా ఉండదు, చెక్క మీద చెయ్యి పెడితే కాలిపోద్ది, పైగా ఉప్పుగాలికి రంగు తొందరగా పొట్టు లేస్తుంది కాబట్టి పాత రంగంతా గీకి మళ్ళీ మొదట్నుంచీ రావాలి. ముందు భాగంలో రెండువైపులా నంబరు, బోటు పేరు, గంగమ్మ పేరో, కూతురి పేరో, చనిపోయిన తండ్రి పేరో. అక్కడ మొదటిసారి రాసినప్పుడు నేను అలవాటు కొద్దీ నా పేరు వెయ్యకుండా దిగిపోతుంటే ఆ ఓనరు, పెద్దాయన, "ఏటి మేస్త్రీ, నీ పేరెయ్యవా? వచ్చే ఏడు ఎవుడ్ని పిలవాల మరి" అని అడిగాడు. నాకు ఏం చెప్పాలో తెలీలేదు. బోటు మీద పేరు లేకపోవడం ఆయనకి వినయంలా కనబడలేదు, పని సగంలో వదిలేసినట్టు కనబడింది. అప్పట్నుంచి హార్బర్‌లో నేను రాసిన ప్రతి బోటు మీదా మూలన నా పేరుంది, ఆ బోట్లు ఒడ్డు వెంబడి ఎక్కడెక్కడికో వెళ్తాయి కదా, ఒకసారి కాకినాడ నుంచి ఫోనొచ్చింది, "మీ చెయ్యి చూశాం, ఇక్కడికొచ్చి రాస్తారా" అని. అదండీ పబ్లిసిటీ అంటే.

2023 నవంబర్‌లో ఆ హార్బర్‌లో రాత్రిపూట మంటలు లేచి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి, మీ అందరికీ తెలిసిందే. అందులో నేను రాసినవీ ఉన్నాయి. వాళ్ళు పోగొట్టుకున్నదాని ముందు నాది లెక్కే కాదు. తర్వాత కొత్త బోటు కట్టుకున్న ఒకతను ఫోన్ చేసి "పాత బోటు మీద ఎలా రాశావో అలాగే కావాలి" అన్నాడు, నంబరు ఎక్కడ దొరికింది అంటే, పాత బోటు ముందు నించుని పిల్లలతో తీసుకున్న ఫోటో ఒకటి ఫోన్లో ఉందంట, జూమ్ చేస్తే మూలన కనబడిందంట. మూలన పేరు దేనికి పనికొస్తుంది అని అడిగే ఓనర్లకి నేను చెప్పగలిగింది ఇదే.

మొన్నామధ్య మా చిన్నమ్మాయి, డిగ్రీ చదువుతుంది, నేను 'శ్రీ' రాస్తుంటే చెయ్యి ఒక్కటే కనబడేలా వీడియో తీసి రీల్ పెట్టింది. నాకు చెప్పకుండానే. చాలామంది చూశారంట, బాగుందన్నారంట. నాకు రెండు రోజులు టీ కొట్టుకి వెళ్ళాలంటే సిగ్గేసింది. వెళ్తే "ఏం హీరో" అన్నారు, ఊహించిందే. ఇంటికొచ్చి తీసెయ్యమ్మా అన్నాను. అది ఏమందంటే, "నాన్నా, పక్క వీధిలో వంజరం వంజరం అని గంపెత్తుకుని అరుస్తూ వెళ్తది కదా ఆ మామ్మ, ఆవిడ గొప్పలు చెప్పుకుంటుందని ఎప్పుడైనా అన్నావా? అరవకపోతే చేపలున్నాయని మనకెలా తెలుస్తుంది?" నేనేమన్నానంటే చేప వేరు, పేరు వేరు. అది ఒప్పుకోలేదు. ఆ వాదన మా ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది, రీల్ మాత్రం తియ్యలేదు.

నిజం చెప్పాలంటే ఆ సిగ్గు పూర్తిగా పోలేదు, పోవాలని కూడా లేదు. ఎందుకంటే సిగ్గు బొత్తిగా లేనివాళ్ళని కూడా రోజూ చూస్తున్నాం. జంక్షన్ జంక్షన్‌కీ పుట్టినరోజు ఫ్లెక్సులు, ఎవరిదో పుట్టినరోజు, కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ళవి ఇంతింత మొహాలు, కూలింగ్ గ్లాసులు, పుట్టినరోజు జరుపుకునేవాడి కంటే చెప్పేవాడి ఫోటోనే పెద్దది. మాలో కూడా ఉన్నారు, మూలన వేసుకోమంటే షాపు పేరులో సగం సైజు వేసేవాళ్ళు. అది నేను సమర్థించను, బోర్డు మీది, డబ్బులు మీవి, మీ పేరు మీద మా పేరు ఎక్కకూడదు. ఏం చేశాడో చెప్పేవాడికీ, ఏమీ చెయ్యకుండా మొహం చూపించేవాడికీ తేడా ఉంటది కదా. మా పేరు పైన మా పని ఉంది, బాగుందో లేదో చూసి మీరే తేల్చుకోవచ్చు, అబద్ధం చెప్పడానికి వీల్లేదు అక్కడ.

సింహాచలం వెళ్ళినప్పుడు గుడి గోడల మీద, స్తంభాల మీద శాసనాలు చూసే ఉంటారు. వందల్లో ఉన్నాయి. కృష్ణదేవరాయలు 1516 లో వచ్చి నగలు ఇచ్చింది ఉంది, దీపానికి ఆవుల్ని ఇచ్చినవాళ్ళవి ఉన్నాయి. ఇచ్చినవాళ్ళ పేర్లు అన్ని వందల ఏళ్ళయినా చదవగలుగుతున్నాం, మంచిదే, ఇచ్చారు కాబట్టి చెప్పుకున్నారు, దాన్ని ఎవరూ గొప్పలు పోవడం అనలేదు, పుణ్యం అన్నారు. నేను మాత్రం అక్కడికి వెళ్తే ఆ అక్షరాల లోతు చూస్తాను, రాయి మీద సున్న తిప్పడం ఎంత కష్టమో, ఎనామిల్‌కే మాకు ఊపిరి ఆగిపోద్ది. ఆ ఉలి పట్టిన చెయ్యి ఎవరిదో మీకు గానీ నాకు గానీ తెలుసా?

సరే, అడగాల్సింది అడిగేస్తాను.

మూలన పేరు, నంబరు, వేలెడు ఎత్తు, బోర్డులో వాడిన రంగులోనే, కొట్టొచ్చినట్టు ఉండదు. ఇష్టం లేకపోతే పని మొదలెట్టకముందే చెప్పండి, రేటు దాన్ని బట్టి మాట్లాడుకుందాం, నిచ్చెన దిగాక చెప్పకండి. "నీకే పబ్లిసిటీ" అని రేటు తగ్గించినప్పుడు మాత్రం పేరు ఉండాల్సిందే, అది న్యాయం. మీ కస్టమరు ఎవరైనా బోర్డు బాగుందే ఎవరు రాశారు అని అడిగితే "ఎవడో పెయింటర్" అనకుండా పేరు చెప్పండి, మీకు పైసా ఖర్చు లేదు. మాలో ఎవరైనా శాంపిల్ పట్టుకుని మీ షాపు మెట్లెక్కితే, పని లేకపోతే లేదని చెప్పండి, ఫర్వాలేదు, కానీ చందాలకి వచ్చినవాళ్ళని పంపినట్టు చెయ్యూపి పంపెయ్యకండి, ఆ మెట్లు ఎక్కడానికే ఆ మనిషి కింద రోడ్డు మీద పావుగంట నించుని ఉంటాడు.

దసరా ముందు నెల, సంక్రాంతి ముందు నెల బాగా బిజీ, అందుకని కాస్త ముందే చెప్పండి. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా పగలంతా హార్బర్‌లోనే ఉంటాను, ఫోన్ వినబడదు, సాయంత్రం ఆరు తర్వాత చెయ్యండి. తెలుగు బోర్డయితే రేకు కొట్టించేముందు ఒక్కసారి నన్ను అడగండి, ఒత్తులకి ఎంత చోటు వదలాలో కొలిచి చెప్తాను, దానికి డబ్బులేం వద్దు. ఈ లెటర్ కింద నా ఒక్కడి పేరు ఎందుకు లేదంటే, రాసేముందు మాలో నలుగురైదుగురితో కూర్చుని మాట్లాడాను, వాళ్ళ మాటలు కూడా ఇందులో ఉన్నాయి, నా పేరు ఒక్కటే వేసుకుంటే వాళ్ళు ఊరుకోరు.

ఇట్లు,
కంచరపాలెం నుంచి, మీ బోర్డులు రాసేవాళ్ళు